టానిక్కులకు లొంగని రక్తహీనత



ఇంట్లో పిల్లలెవరైనా కాస్త పాలిపోయి కనబడితే మనకు ముందుగా తోచే మాట "రక్తం తక్కువైంది" అని. ఆ సాయంత్రానికే మందుల షాపు నుంచి ఐరన్ టానిక్కు సీసా వచ్చేస్తుంది. తోటకూర పప్పు, బీట్‌రూట్ కూర, ఖర్జూరపు పళ్ళు, నువ్వుల ఉండలు మొదలవుతాయి. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. మన ఆడవాళ్ళలో కనబడే రక్తహీనత చాలావరకు ఇనుము లోపం వల్ల వచ్చేదే. సరైన మోతాదులో ఇనుము అందితే కొద్ది వారాలలోనే మనిషి తేరుకుంటుంది.

అయితే ఎన్ని సీసాలు ఖాళీ అయినా లొంగని రక్తహీనత ఒకటి వున్నది. డాక్టర్లు దానిని 'ఎప్లాస్టిక్ ఎనీమియా' అంటారు. రక్తం తయారయ్యే చోటనే తయారీ నిలిచిపోవడం అన్నమాట. ఇది అరుదైన జబ్బే. పాశ్చాత్య దేశాలలో ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికి వస్తుందని లెక్క. మన ఆసియా దేశాలలో అంతకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అంత అరుదైన దాని సంగతి మనకెందుకూ అంటారేమో! ఇది ఎక్కువగా వచ్చే వయసు 15 నుంచి 25 ఏళ్ళ మధ్య, ఆ తరువాత మళ్ళీ 60 దాటాక. "ఎదిగే పిల్ల, నీరసం మామూలే" అని మనం సరిపెట్టుకునే వయసే అది. ఈ జబ్బులో టానిక్కులతో గడిపేసిన నెలలు తిరిగి రావు. అందుకే యీ సంగతి ఇంటి ఇల్లాలికి తెలిసి వుండటం అవసరం.

ముందు రక్తం ఎక్కడ తయారవుతుందో చూద్దాం. ఎముకల లోపల మెత్తగా వుండే పదార్థాన్ని మూలుగ అంటాం గదా. పెద్దవాళ్ళలో తుంటి ఎముక, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు - వీటిలో వున్న ఎర్ర మూలుగే మన రక్తం కార్ఖానా. అందులో కొద్దిపాటి మూలకణాలు వుంటాయి. వరి నారుమడిలో చల్లిన విత్తనాల వంటివవి. అవి తమ సంఖ్యను తాము నిలబెట్టుకుంటూనే మూడు రకాల పంటలు పండిస్తాయి. ప్రాణవాయువును మోసే ఎర్ర కణాలు ఒకటి, రోగక్రిములతో పోరాడే తెల్ల కణాలు రెండు, గాయం తగిలినప్పుడు రక్తాన్ని గడ్డ కట్టించే ప్లేట్‌లెట్లు మూడు. ఒక ఎర్ర కణం ఆయువు సుమారు 120 రోజులు. ప్లేట్‌లెట్టు ఎనిమిది, పది రోజులు. క్రిములతో పోరాడే ముఖ్యమైన తెల్ల కణాలు రక్తంలో ఒక రోజుకు మించి వుండవు. అందుచేత కార్ఖానాకు సెలవు అన్నది లేదు. ఎర్ర కణాలే సెకనుకు 20 లక్షలు తయారవుతూ వుంటాయి.

ఎప్పుడు ఎంత తయారు చెయ్యాలో మూలుగకు ఎలా తెలుస్తుంది? దానికి కబురు వెళుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని మూత్రపిండాలు కనిపెట్టి 'ఎరిత్రోపోయిటిన్' అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది మూలుగకు చేరి "ఎర్ర కణాలు ఇంకా కావాలి" అని చెబుతుంది. ప్లేట్‌లెట్లకు కబురు పంపేది కాలేయం. ఆ కబురు పేరు 'థ్రాంబోపోయిటిన్'. తెల్ల కణాలకు 'జి.సి.ఎస్.ఎఫ్.' అనే మరొకటి వున్నది. వీటన్నిటినీ కలిపి రక్తవృద్ధి కారకాలు అంటారు. నారుమడికి ఎరువు ఎలాగో మూలుగకు ఇవి అలాగ.

ఇప్పుడొక ప్రశ్న. మూలుగ పని చెయ్యడం మానేసిన రోగిలో లోపించింది యీ ఎరువేనా? అయితే ఎరువు చల్లితే సరిపోతుంది గదా?

దీనికి జవాబు చెప్పే చిత్రమైన కథ ఒకటి వున్నది. ఎరిత్రోపోయిటిన్‌ను శుద్ధమైన రూపంలో పట్టుకోవాలని శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళు శ్రమపడ్డారు. చివరకు అది దొరికింది ఎక్కడో తెలుసా? యీ జబ్బున్న రోగుల మూత్రంలో! జపాన్‌లో మియాకే అనే శాస్త్రవేత్త ఎప్లాస్టిక్ ఎనీమియా రోగుల నుంచి 2,550 లీటర్ల మూత్రం సేకరించి, అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో వున్న గోల్డ్‌వాసర్‌తో కలిసి దాని నుంచి యీ పదార్థాన్ని వేరు చేశాడు. ఆ ఫలితం 1977లో ప్రచురించారు. ఆ రోగుల మూత్రమే ఎందుకు? వాళ్ళలో రక్తం తగ్గిపోవడంతో మూత్రపిండాలు కబురు మీద కబురు పంపుతూనే వున్నాయి. వినే మూలుగ లేక ఆ కబురంతా మూత్రంలో పోతున్నది.

అంటే యీ జబ్బులో ఎరువుకు కొరత లేదు. పొలంలో విత్తనాలే లేవు. మూత్రపిండాలు చెడినవారి సంగతి ఇందుకు సరిగ్గా తలకిందులు. వాళ్ళ మూలుగలో విత్తనాలు నిక్షేపంగా వుంటాయి, కబురే అందదు. అందుకే డయాలసిస్ మీద వున్నవారికి ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షను ఇస్తే రక్తం చక్కగా పెరుగుతుంది. ఎప్లాస్టిక్ ఎనీమియా వున్నవారికి అదొక్కటే ఇచ్చి లాభం లేదు. చూడటానికి రెండూ పాలిపోయిన ముఖాలే. లోపల జరుగుతున్నది మాత్రం వేరు.

మరి విత్తనాలు ఏమయ్యాయి? ఈ జబ్బును మొదటిసారి వర్ణించినవాడు జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్. 1888లో, గర్భవతి అయిన ఒక యువతి చూస్తూండగానే రక్తం క్షీణించి చనిపోయింది. ఆమె ఎముకలు పరీక్షించి చూస్తే ఎర్రగా వుండవలసిన మూలుగ కొవ్వుతో నిండి వున్నది. విత్తనాలు పోయాయని అప్పుడే తెలిసింది గాని, ఎలా పోయాయన్నది మరో ఎనభై ఏళ్ళ దాకా సరిగా తేలలేదు.

కొన్నిసార్లు కారణం బయటిదే. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ 1934లో ఈ జబ్బుతోనే పోయింది. ఏళ్ళ తరబడి రేడియో ధార్మిక పదార్థాలతో పనిచేయడం వల్ల ఆమె మూలుగ దెబ్బతిన్నదని చెబుతారు. బెంజీను అనే రసాయనం ఆవిరి పీల్చే పనివారికి కూడా ఆ ప్రమాదం వున్నది. కాని రోగుల్లో ఎక్కువమంది కిరణాల ఛాయలకు పోయినవారు కారు, రసాయనాలు ముట్టినవారు కారు.

అసలు సంగతి అనుకోకుండా బయటపడింది. 1970లో ఫ్రాన్స్‌లో జార్జి మాతే అనే డాక్టరు కొందరు రోగులకు ఇతరుల మూలుగ ఎక్కించాలనుకున్నాడు. కొత్త మూలుగను శరీరం తిప్పికొట్టకుండా వుండేందుకు, రక్షణ కణాలను అణచివేసే సీరం ముందుగా ఇచ్చాడు. ఎక్కించిన మూలుగ నిలవలేదు. అయినా కొందరిలో రక్తం పెరగడం మొదలుపెట్టింది. చూస్తే అది వాళ్ళ సొంత మూలుగ తయారు చేస్తున్న రక్తమే! రక్షణ కణాలు అణగగానే చచ్చిందనుకున్న మూలుగ మళ్ళీ లేచిందన్నమాట. కవల పిల్లల విషయంలో మరో సాక్ష్యం దొరికింది. ఒకే పోలిక కవలలలో ఒకరి మూలుగ ఇంకొకరికి ఎక్కిస్తే తిప్పికొట్టే ప్రసక్తే వుండకూడదు. అయినా కొందరిలో, ముందుగా రక్షణ కణాలను అణిస్తే గాని ఆ కొత్త విత్తనం కూడా మొలకెత్తలేదు.

కంచే చేను మేసినట్లు అని మనవాళ్ళు అంటారు గదా, ఇక్కడ జరుగుతున్నది అదే. మన తెల్ల కణాలలో 'టి' కణాలని ఒక జాతి వున్నది. వైరసు దూరిన కణాలను గుర్తించి చంపటం వాటి పని. ఏదో ఒక పొరపాటు వల్ల అవి మూలుగలోని మూలకణాలనే శత్రువులుగా ఎంచి మీద పడతాయి. 'గామా ఇంటర్‌ఫెరాన్' అనే పదార్థాన్ని కురిపిస్తాయి. అది మూలకణాలను పెరగనివ్వదు, వాటి చావుకు కారణమవుతుంది. కొందరిలో కామెర్లు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు ఇది మొదలవుతుంది. టైఫాయిడ్‌కు ఒకప్పుడు విరివిగా వాడిన క్లోరాంఫెనికాల్ అనే మందు వల్ల, వేల మందిలో ఏ ఒక్కరికో మూలుగ చెడిపోయినట్లు 1950ల నాటికే తెలిసింది. చాలామందిలో మాత్రం కారణం ఏదీ కనబడదు. రోగి చేసిన తప్పు గాని, తల్లి పెంపకంలో లోపం గాని ఇందులో లేవు. ఇది అంటువ్యాధి కాదు, కాన్సరు కాదు. "ఏం పెట్టావో, ఏం పెట్టలేదో" అని ఏ తల్లినీ దెప్పవలసిన పని లేదు.

ఇక చికిత్స సంగతి. శత్రువు ఎవరో తెలిశాక దారి రెండు విధాలుగా తెరుచుకున్నది.

మొదటిది, కొత్త విత్తనం చల్లటం, అంటే మూలుగ మార్పిడి. వయసులో వున్నవారికి, రక్తసంబంధంలో సరిపోయే దాత దొరికితే ముందుగా ఆలోచించేది ఇదే. ఒక తల్లి, తండ్రి పిల్లలలో ప్రతి ఒక్కరి మూలుగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇక్కడే మన ఇళ్ళలో చిక్కు వస్తుంది. తమ్ముడికి జబ్బు చేసి, పెళ్ళయిన అక్క మూలుగ సరిపోయిందనుకోండి. "మా కోడలి ఎముకల్లోంచి తీస్తారా, రేపు పిల్లలు పుట్టవద్దా" అని అత్తవారింట భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. దాతకు మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి కొంత మూలుగ తీస్తారు. కొద్ది వారాలలో అది తిరిగి పూడుకుంటుంది. కొన్నిరోజులు నడుము నొప్పిగా వుండవచ్చు. సంతానానికి దీనివల్ల లోటేమీ లేదు. అయితే ఆమె గర్భవతి కాదని ముందే చూసుకుంటారు.

రెండవది, కంచెను అదుపులో పెట్టటం. మనిషి 'టి' కణాలను గుర్రానికి ఎక్కించి, వాటిని ఎదుర్కోవడానికి గుర్రం రక్తంలో తయారైన సీరాన్ని శుద్ధి చేసి రోగికి ఇస్తారు. పూర్వం ధనుర్వాతానికి ఇచ్చిన గుర్రపు సీరం మీలో పెద్దవారికి గుర్తుండే వుంటుంది. దీని పేరు 'ఎ.టి.జి.' కుందేలు నుంచి తీసిన సీరం ఇంకా బలమైనదని అనుకునేవారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 120 మంది మీద పోల్చి చూసి 2011లో ప్రకటించిన ఫలితం వేరుగా వచ్చింది. గుర్రపు సీరానికి నూటికి 68 మంది కోలుకుంటే, కుందేలు సీరానికి 37 మందే కోలుకున్నారు. దీనికి తోడుగా 'సైక్లోస్పోరిన్' అనే మందు నెలల తరబడి వాడాలి. నార్వే దేశపు మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి తీసినది అది. ఈ వైద్యం ఫలితం కనబడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. "రెండు నెలలైంది, ఏమీ గుణం లేదు" అని మధ్యలో మానేసి మరొక వైద్యుడి దగ్గరకు పరుగెత్తే ఇళ్ళకు యీ ఒక్క ముక్క చెప్పాలి. గుణం కనబడ్డాక కూడా మందు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

మరి రక్తవృద్ధి కారకాలు ఇందులో పనికిరావా? జి.సి.ఎస్.ఎఫ్. ఇంజక్షను ఇస్తే కొందరిలో తెల్ల కణాలు కొంతకాలం పెరుగుతాయి. కాని ఎ.టి.జి.కి దానిని తోడు చేసినంత మాత్రాన రోగులు ఎక్కువ కాలం బతికినట్లు తేలలేదు. ప్లేట్‌లెట్లకు కబురు పంపే థ్రాంబోపోయిటిన్ సంగతి మాత్రం ఆసక్తికరంగా వుంది. దాని కబురు అందుకునే తలుపు ప్లేట్‌లెట్ల తల్లి కణాలకే గాక మూలకణాలకు కూడా వున్నది. 'ఎల్ట్రాంబోపాగ్' అనే మాత్ర ఆ తలుపునే తడుతుంది. ఎ.టి.జి.కి లొంగని 25 మందికి యీ మాత్ర ఇచ్చి చూస్తే 11 మందిలో రక్తం పెరిగిందని 2012లో ప్రకటించారు. శరీరంలో థ్రాంబోపోయిటిన్ అప్పటికే పొంగిపొర్లుతుంటే, అదే పని చేసే మాత్ర ఎందుకు ఉపకరించింది? దీనికి సమాధానం 2019లో దొరికింది. గామా ఇంటర్‌ఫెరాన్ వెళ్ళి థ్రాంబోపోయిటిన్‌ను పట్టుకుని, తలుపు దగ్గరకు పోనివ్వటం లేదు. మాత్ర తట్టేది అదే తలుపు మీద వేరే చోట కనుక దానికి అడ్డంకి లేదు. 197 మంది మీద జరిపి 2022లో ప్రకటించిన పరిశీలనలో, ఎ.టి.జి., సైక్లోస్పోరిన్‌లతో మొదటి నుంచే యీ మాత్ర కలిపితే మూడు నెలలకు పూర్తిగా కోలుకున్నవారు నూటికి 22 మంది, కలపకపోతే 10 మంది. కంచెను అదుపు చేసి, మిగిలిన కాసిని విత్తనాలకు ఎరువు అందిస్తేనే పంట. క్రమం అది.

ఇక మన చేతిలో వున్న పనులు చెబుతాను.

రక్తహీనతతో పాటు చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం కారటం, తగలకుండానే చర్మం మీద నీలపు మచ్చలు, కాళ్ళ మీద సూదితో పొడిచినట్లు ఎర్రటి చుక్కలు, ఆడపిల్లలకు బహిష్టు రోజుల్లో ఎప్పుడూ లేనంత రక్తస్రావం, మాటిమాటికీ జ్వరం - వీటిలో ఏది కనబడినా టానిక్కు పక్కన పెట్టి రక్త పరీక్ష చేయించండి. మామూలు పరీక్షలోనే మూడు రకాల కణాలూ లెక్కపెడతారు. ఇనుము లోపంలో సాధారణంగా ఎర్ర కణాల సంగతే తేడాగా వుంటుంది. మూడూ పడిపోయాయంటే మూలుగను పరీక్షించవలసిందే. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర పైన వుండాలి. 20 వేల కంటే తగ్గటం తీవ్రమైన జబ్బుకు ఒక గుర్తు. మూలుగ పరీక్ష అనగానే "వెన్నులోంచి నీరు తీస్తారట, నడుం పడిపోతుందట" అని హడలిపోతారు. అది వేరు, ఇది వేరు. తుంటి ఎముక వెనుక భాగాన తిమ్మిరి మందు ఇచ్చి తీస్తారు. నడుం పడిపోయే ప్రసక్తి లేదు.

పిల్లలలో యీ జబ్బు కనబడితే, మీది మేనరికమైనా, దగ్గర సంబంధమైనా ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. 1927లో స్విట్జర్లాండుకు చెందిన ఫాంకోనీ వర్ణించిన వంశపారంపర్యపు రకం ఒకటి వున్నది. రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళలో దానికి అవకాశం ఎక్కువ. బిడ్డ పొట్టిగా వుండటం, బొటనవేలు సరిగా ఏర్పడకపోవడం, చర్మం మీద గోధుమరంగు మచ్చలు - ఇవి దాని గుర్తులు కావచ్చు. ఆ రకంలో రక్షణ కణాలను అణిచే మందుల వల్ల లాభం వుండదు. మూలుగ మార్పిడి కూడా తక్కువ మోతాదు మందులతో జాగ్రత్తగా చెయ్యాలి. అందుకే ముందే తేల్చుకోవాలి.

రక్తం ఎక్కించవలసి వస్తే అన్నదమ్ములు, తల్లిదండ్రులు మేము ఇస్తామంటే మేము ఇస్తామని ముందుకు వస్తారు. మార్పిడి ఆలోచన వున్నప్పుడు వాళ్ళ రక్తం ఎక్కించవద్దంటారు డాక్టర్లు. ఆ రక్తంలోని గుర్తులకు రోగి శరీరం ముందే పగబడితే, తరువాత వాళ్ళ మూలుగను నిలవనివ్వదు. మరొక సంగతి - ఒక్కొక్క రక్తపు సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. అది బయటకు పోయే దారి లేదు. అలాంటి మనిషికి ప్రేమ కొద్దీ ఐరన్ టానిక్కు పట్టించటం మేలు కాదు, కీడు.

వంటింట్లో కూడా కొంత మెలకువ కావాలి. తెల్ల కణాలు తక్కువగా వున్నవారికి కాచి చల్లార్చిన నీళ్ళు, అప్పటికప్పుడు వండిన వేడి పదార్థాలు పెట్టండి. బజార్లో కోసి అమ్మే పళ్ళ ముక్కలు, పచ్చి చట్నీలు వద్దు. వేపపుల్ల బదులు మెత్తటి బ్రష్షు. సైక్లోస్పోరిన్ వాడేవారు పంపరపనస పండు తినకూడదు, అది మందును రక్తంలో మోతాదు మించి పెంచుతుంది. వినాయక చవితి పాలవెల్లికి కట్టండి గాని, ఆ మనిషికి మాత్రం పెట్టకండి. ఎల్ట్రాంబోపాగ్ మాత్రను పాలు, పెరుగులతో కలిపి ఇస్తే ఒంటికి పట్టదు. పాలు తాగాక నాలుగు గంటలు ఆగి మాత్ర వెయ్యాలి, మాత్ర వేశాక రెండు గంటల దాకా పాలు, పెరుగు ఇవ్వకూడదు. నొప్పి అన్నా, జ్వరం అన్నా ఆస్పిరిన్ ఇవ్వకండి. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే దాకా చూద్దామనుకోకుండా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకు వెళ్ళండి. తెల్ల కణాలు లేని ఒంట్లో క్రిములు గంటల్లోనే ప్రాణం మీదకు తెస్తాయి.

1970కి ముందు యీ జబ్బు తీవ్రంగా వచ్చినవారిలో ఎక్కువమంది ఏడాది తిరక్కుండానే పోయేవారు. ఇప్పుడు వయసులో వున్న రోగికి తోబుట్టువు మూలుగ సరిపోతే, నూటికి 80 మంది దాకా బతికి బట్టకట్టగలుగుతున్నారు. కాని వైద్యం ఫలించేదాకా ఆ నెలలు గడవటానికి రోగికి ఇతరుల రక్తమే ఆధారం. ప్లేట్‌లెట్లు సంచిలో అయిదారు రోజుల కంటే నిలవ వుండవు, దాచి పెట్టుకోవడానికి వీల్లేదు. మీ ఇంట్లో ఆరోగ్యంగా వున్న పెద్దపిల్లలు, మీవారు, వీలైతే మీరూ, దగ్గరలోని బ్లడ్ బాంకులో పేర్లు నమోదు చేయించుకోండి. ఆ రక్తం ఎవరికి చేరుతుందో మనకు తెలియనక్కరలేదు.